పాత ట్రాక్టరు చెప్పే వేడి పాఠం



దున్నుతుండగా ట్రాక్టరు రేడియేటరు బుస్సుమని ఆవిరి కక్కిందనుకోండి. వెంటనే బిందెడు చన్నీళ్లు తెచ్చి పోయబోతాం. అలా ఎందుకు పోయరాదో తెలియాలంటే, ఇంజనును చల్లబరచే పద్ధతి ఎలా పెరిగిందో కొంచెం చెప్పుకోవాలి.

1885లో జర్మనీలో కార్ల్ బెంజ్ కట్టిన మూడు చక్రాల బండిలో సిలిండరు చుట్టూ ఉన్న నీరు కాగి ఆవిరైపోయేది. తగ్గిన నీటిని మళ్లీ మళ్లీ పోసుకోవలసిందే. 1901 నాటికి అదే దేశంలో విల్హెల్మ్ మైబాక్ మెర్సిడెస్ బండికి తేనెపట్టు వంటి రేడియేటరు అమర్చాడు. దానిలో 8,070 సన్నని గొట్టాలు. వాటిగుండా గాలి పోతుంటే, సందుల్లో పారే నీరు చల్లారేది. కొద్ది నీటితోనే పని జరిగింది.

1917లో అమెరికాలో హెన్రీ ఫోర్డు ఫోర్డ్‌సన్ ట్రాక్టరు తెచ్చాడు. దానికి నీటి పంపు లేదు. ఎసరు కాగేటప్పుడు అడుగు నీరు పైకి లేస్తుంది చూశారా, అదే సూత్రం. కాగిన నీరు తేలికై పై గొట్టంగుండా రేడియేటరు చేరుతుంది. అక్కడ చల్లారి, బరువెక్కి, కింది గొట్టంగుండా తిరిగి ఇంజనుకు వస్తుంది. చెడిపోవడానికి పంపే లేదు. కాని మెలిక ఒకటుంది. నీటిమట్టం పై గొట్టం నోటికంటె దిగిందా, ఆ తిరుగుడు ఆగిపోతుంది. రేడియేటరులో సగం నీరున్నా ఇంజను ఉడుకుతుంది.

అలాగని మరీ చల్లగా ఉండుటా మంచిది కాదు. ఆ ట్రాక్టరు పెట్రోలుతో మొదలై, వేడెక్కాక కిరసనాయిలుతో నడిచేది. వేడి చాలకపోతే కిరసనాయిలు సరిగా కాలక, సిలిండరు గోడల వెంట దిగి, ఇంజను ఆయిలులో కలిసి దాన్ని పలచన చేసేది. బేరింగులు అరిగేవి. అందుకే కొన్ని కిరసనాయిలు ట్రాక్టర్లకు రేడియేటరు ముందు తెర ఉండేది. చలిలో దాన్ని మూసి వేడి నిలిపేవారు.

తరువాతి బండ్లకు పంపు, థర్మోస్టాటు, ఒత్తిడి నిలిపే మూత వచ్చాయి. ఒత్తిడిలో నీరు 100 డిగ్రీల సెంటీగ్రేడు దాటినా మరగదు. వేడిమీద మూత తీశారా, ఒక్కసారిగా పొంగి ముఖం కాలుస్తుంది.

కనుక పాత ట్రాక్టరు ఉన్నవారు పొద్దున్నే, ఇంజను చల్లగా ఉండగానే నీరు చూసుకోండి. రేడియేటరు సందుల్లోని దుమ్ము, ఊక దులపండి. ఉడికితే ఆపి, పూర్తిగా చల్లారనివ్వండి. కాగిన పోత ఇనుముపై చన్నీరు పడితే అది పగులుతుంది. గంట ఆగితే పోయేది గంటే. బ్లాకు పగిలితే పోయేది ట్రాక్టరు.