కుంచెలో మన నడక

బెంగాల్‌లోని శాంతినికేతన్ చుట్టూ సంతాల్ ఆదివాసుల గూడేలున్నాయి. అక్కడి కళాభవన్‌లో బొమ్మలు నేర్పిన నందలాల్ బోస్ 1924లో రవీంద్రనాథ్ ఠాగూర్ వెంట చైనా, జపాన్ వెళ్లి అక్కడి సిరా చిత్రాలు చూసి వచ్చారు. శాంతినికేతన్‌లో సంతాలుల నడకను, ఆటను నల్లసిరాతో ఎన్నోసార్లు గీశారు.

తడి కుంచె వేస్తే గీత నిండుగా పడుతుంది. సిరా తగ్గిన కుంచెను వేగంగా లాగితే గీత మధ్య కాగితం తెల్లగా మిగులుతుంది. ఆ తెలుపు వల్లే కాలు కదిలినట్టు కనబడుతుంది.

ఆ బొమ్మలు మనకూ ఇష్టమే. కానీ గీసినవారి పేరు చరిత్రకెక్కింది, నడిచినవారి పేర్లు చాలావరకు ఎక్కలేదు. మన అరకు కొండల థింసా అడుగు మన కాళ్లకు తెలుసు. అయ్యవార్లూ, పిల్లల చేతికి కుంచె ఇవ్వండి. తమ్ముళ్లూ చెల్లెళ్లూ, బొమ్మ కింద మీ పేరుతోపాటు ఆడిన అవ్వ పేరు కూడా రాయండి.