కరువు అన్న మాట – పాత వార్తలలో దాని బ్రతుకు



కరువు అన్న మాట మనకు కొత్త కాదు. వాన రాకపోతే కరువు. గడ్డి దొరక్కపోతే పశువుల మేతకు కరువు. చుట్టం ఊరికి రాకపోతే "మీ దర్శనమే కరువైంది" అంటాం. ఇంత వాడుకలో ఉన్న మాట వార్తాపత్రికలోకి, సర్కారు కాగితంలోకి ఎక్కడానికి మాత్రం ఎంతో కష్టపడవలసి వచ్చింది. ఆ కథ వినండి.

మన పెద్దలు కరువులకు సంవత్సరాల పేర్లు పెట్టారు. 1832–33లో గుంటూరు సీమను ఊడ్చేసినది నందన కరువు. ఎముకలు తేలిన మనుషులను చూసి దానినే డొక్కల కరువు అని కూడా అన్నారు. 1876–78లో దక్షిణాదిని పీడించినది ధాత కరువు. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలు దానిలో బాగా నలిగిపోయాయి. కరువా కాదా అని జనం ఎవరినీ అడగలేదు. కడుపుకు తెలిసింది, పేరు పెట్టారు.

దొరతనం వారి తీరు వేరు. ధాత కరువు తరువాత 1880లో ఒక కమిషను నివేదిక ఇచ్చింది. 1883లో కరువు నియమావళి తయారైంది. అందులో మెట్లు ఉన్నాయి. ముందు కొరత, ఆ తరువాతే కరువు. అనుమానం ఉన్న చోట రోడ్డు పనో చెరువు పనో పెట్టి, తక్కువ కూలి ఇచ్చి చూసేవారు. ఆ కూలికి కూడా జనం గుంపులుగా వస్తే కరువు నిజమన్నమాట! ఒకసారి కరువని ప్రకటించారంటే పని, తిండి, సాయం ఏర్పాటు చెయ్యక తప్పదు. అందుకే ఆ మాట వాడేందుకు అధికారులు వెనుకాడేవారు. పత్రికలలో కూడా "కొరత", "ఇబ్బంది" అన్న మెత్తని మాటలు ఎక్కువగా కనిపించేవి.

ఉన్నమాట ఉన్నట్టు వ్రాస్తే ఏమవుతుందో కూడా ధాత కరువే చూపింది. 1877 ఆగస్టులో మద్రాసులో సభ జరిపి, సాయం చెయ్యండని లండనుకు విజ్ఞప్తి పంపారు. చందాలు వచ్చాయి. ఆ సహాయ సంఘానికి కార్యదర్శిగా పని చేసిన విలియం డిగ్బీ మద్రాసు టైమ్స్ పత్రిక సంపాదకుడే.

ఇక 1943 బెంగాలు సంగతి. అది యుద్ధకాలం. లక్షల మంది ఆకలితో చస్తున్నా నియమావళి ప్రకారం కరువని ప్రకటించలేదు. ప్రకటిస్తే నిర్ణయించిన చొప్పున తిండి పెట్టాలి. అంత ధాన్యం తన వద్ద లేదని గవర్నరే వైస్రాయికి వ్రాశాడు. కలకత్తా వీధులలో పడిపోయినవారిని "జబ్బుపడిన దిక్కులేనివారు" అన్నారు. అటువంటి వేళ ఆగస్టు 22న స్టేట్స్‌మన్ పత్రిక ఆకలి మనుషుల ఫొటోలు అచ్చువేసింది. మాట చెప్పలేనిది బొమ్మ చెప్పింది. లోకం కళ్ళు తెరిచింది. తరువాత విచారణ సంఘం 1945లో సుమారు 15 లక్షల మంది చనిపోయారని లెక్క కట్టింది. ఇంకా ఎక్కువేనని తరువాతి పండితులు అంటారు.

ఆ నాటి కథ మనకెందుకు అంటారా? మాట మారితే సాయం మారుతుంది కనుక. 2016లో వాతావరణ శాఖ తన వర్షపాత నివేదికలలో కరువు అన్న మాటను వదలి "లోటు వర్షపు సంవత్సరం" అన్న మాట పెట్టుకుంది. వాన కొలిచేవారికి అది సరిపోవచ్చు. కరువు ప్రకటన చేసేది రాష్ట్ర ప్రభుత్వం. దానికి వాన లెక్క, వర్షానికి వర్షానికి మధ్య ఎన్ని రోజుల ఎడం, విత్తిన విస్తీర్ణం, పంట స్థితి, నేలలో తేమ అన్నీ చూస్తారు.

కాబట్టి విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. "పరిస్థితి బాగులేదు" అని వ్రాసి ఊరుకోకండి. ఎన్ని రోజులు వాన లేదో, ఎన్ని ఎకరాలు ఎండినవో, ఎన్ని బావులు అడుగంటినవో అంకెలతో వ్రాయండి. రైతు సోదరులారా, మీరూ వాన పడిన తేదీలు, విత్తిన తేదీలు ఒక పుస్తకంలో గుర్తుపెట్టుకోండి. కరువును కరువని అనిపించడానికి ఆ పుస్తకమే మీకు సాక్షి.