చెల్లని బిళ్ళల చరిత్ర

నాణేల శాస్త్రం మన దేశంలో చాలాకాలం రాజుల శాస్త్రంగానే నడిచింది. ఏ రాజు ఏ నాణెం వేశాడు, ముందు ఏ బొమ్మ, వెనుక ఏ లిపి, బంగారం పాలెంత, వెండి పాలెంత - ఈ ప్రశ్నలకు సమాధానాలు వెదకడంలో పండితులు చూపిన శ్రద్ధ తక్కువది కాదు. దానివల్ల చరిత్రకు మేలే జరిగింది. 1906లో నాసిక్ జిల్లా జోగల్‌తంబిలో నహపానుని వెండి నాణేలు పదమూడు వేలకు పైగా దొరికాయి. వాటిలో తొమ్మిది వేలకు పైగా నాణేలమీద గౌతమీపుత్ర శాతకర్ణి తన ముద్ర తిరగవేయించాడు. ఒకడు ఓడి మరొకడు గెలిచిన సంగతికి లోహమే సాక్ష్యం పలికింది.

కాని ఆ నాణెం ఎవరి చేతిలోనుంచి ఎవరి చేతికి పోయింది, ఎంత చాకిరీకి ప్రతిఫలంగా పోయింది అనే ప్రశ్న వేసినవారు బహు కొద్దిమంది. నాణేలు పోగుచేసేవారిలో ఒక విషయం పట్టుకొని వరుస కూర్చుకునే అలవాటు వుంది. ఒకరు ఓడ బొమ్మలున్నవి ఏరుతారు. ఒకరు జంతువుల బొమ్మలున్నవి ఏరుతారు. 1970లో మన ప్రభుత్వం వేసిన 'అందరికీ ఆహారం' నాణేలవంటివి దేశదేశాలవి కూర్చేవారూ వున్నారు. మరి కూలి ఇచ్చిన లోహాన్నంతా ఒక వరుసగా పేర్చితే ఏమవుతుంది? అప్పుడు సేకర్తల పెట్టెల్లో అడుగున పడివుండే ఒక జాతి బిళ్ళలు పైకి వస్తాయి. వాటిమీద రాజు తల వుండదు. రాజ్యం పేరుండదు. ఒక తోట పేరో, కంపెనీ పేరో వుంటుంది.

అస్సాం, సిల్హెట్, కాచార్ ప్రాంతాల తేయాకు తోటల టోకెన్లు అటువంటివి. పంతొమ్మిదో శతాబ్దం ఉత్తరార్ధంలో వాడుకలోకి వచ్చి, ఇరవయ్యో శతాబ్దంలో కూడా కొంతకాలం నడిచాయి. ఇత్తడివి, రాగివి, తుత్తునాగానివి వున్నాయి. గుండ్రనివి, కోలగా వున్నవి, మూడు మూలలవి, ఆరు మూలలవి, నడుమ చిల్లు పొడిచినవి వున్నాయి. చదువురాని కూలీకి ఏ బిళ్ళ ఏదో ఆకారమే చెప్పాలి. కొన్నింటిమీద వెల కూడా వుండదు. 'హాజిరా' అంటే రోజుకు కొలిచి ఇచ్చిన పని. అది పూర్తిచేస్తే ఒక బిళ్ళ. ఆ పైన చేసినది 'ఠీకా'. దానికి లెక్క వేరు.

తోటదొరల తరఫు వాదం ఒకటుంది, దాన్ని తోసివేయనక్కరలేదు. ఆ అడవిసీమలో చిల్లర దొరికేది కాదు. కలకత్తా నుంచి రాగి డబ్బుల మూటలు నదిమీద తేవడం ఖర్చుతో, ప్రమాదంతో కూడిన పని. ఇది నిజమే. కాని చిల్లర కరువు బిళ్ళ ఎందుకు పుట్టిందో చెబుతుందిగాని, కూలీ చేతిలో అది ఏ పని చేసిందో చెప్పదు. రాణి తలవున్న రూపాయి ఏ వూళ్ళోనైనా రూపాయే. తోట బిళ్ళ ఆ తోట దుకాణంలో చెల్లుతుంది. చుట్టుపక్కల సంతలో చెల్లినా, దొర పరపతి ఎంతవరకు పాకిందో అంతవరకే. దానితో స్టీమరు టిక్కెట్టు రాదు, రైలు టిక్కెట్టు రాదు. ఇంటికి పంపుకోవడానికీ అది పనికిరాదు.

దీని పక్కన చట్టాలను పెట్టి చూడాలి. 1865 చట్టం తోటకూలీకి కనీస జీతం నిర్ణయించింది: మగవారికి నెలకు 5 రూపాయలు, ఆడవారికి 4, పిల్లలకు 3. కాగితంమీద ఇది కూలీకి రక్షణ. అయితే పారిపోయిన కూలీని వారంటు లేకుండా పట్టుకునే అధికారం తోటదొరకు ఇచ్చినదీ ఆ చట్టమే. 1882 చట్టం ఆ అధికారాన్ని నిలబెట్టింది. 1908 వరకు అది పోలేదు. కాళ్ళకు చట్టం సంకెల అయితే, చేతిలోని బిళ్ళ రెండో సంకెల. రెంటినీ కలిపి చదివితేగాని తోట వ్యవస్థ అర్థంకాదు.

ఇంకొక సంగతి. ఈ బిళ్ళల్లో కొన్ని బర్మింగ్‌హాంలోని హీటన్ టంకశాలలో తయారయ్యాయి. ఆ ఇంగ్లండులోనే 1831లో ఒక చట్టం వచ్చింది. చేతిపనివారికి కూలి సరుకుల రూపంలోగాని, దుకాణపు చీట్ల రూపంలోగాని ఇవ్వరాదు, దేశపు నాణెంలోనే ఇవ్వాలి అని ఆ చట్టం శాసించింది. అక్కడి కార్మికుడు పోరాడి తనకు తప్పించుకున్న దాన్ని, అక్కడి కార్ఖానాయే వలసదేశపు కూలీకోసం అచ్చుపోసి ఓడ ఎక్కించింది. సామ్రాజ్యవాదానికి రెండు నాలుకలని మనం అంటూవుంటాం. ఆ మాటకు ఇంత చిన్న రుజువు, జేబులో పట్టే రుజువు, మరొకటి దొరకడం కష్టం.

ఇది ఒక్క అస్సాం కథ కాదు. చిలీ దేశంలో అటకామా ఎడారి నైట్రేటు గనుల్లో కూలి ఇచ్చినది 'ఫిచా' అనే బిళ్ళలతో. అవి కంపెనీ దుకాణంలో చెల్లుతాయి. బయట మార్చుకోబోతే వెల తరుగుతుంది. 1907 డిసెంబరులో సమ్మెచేసి ఇకీకే రేవుకు నడిచివచ్చిన గనికార్మికుల కోర్కెల్లో, ఫిచాలను తరుగులేకుండా మార్చాలన్నది ఒకటి. డిసెంబరు 21న శాంతా మారియా పాఠశాలలో చేరివున్న ఆ జనంమీద సైన్యం కాల్పులు జరిపింది. మెక్సికోలో 1917 రాజ్యాంగం 123వ అధికరణం బిళ్ళలతో, చీట్లతో కూలి ఇవ్వడాన్ని నిషేధించింది. మన దేశంలో 1936 వేతన చెల్లింపు చట్టం చెల్లుబడిలో వున్న నాణెంలో, నోట్లలో మాత్రమే జీతం ఇవ్వాలన్నది. కాని అది మొదట ఫ్యాక్టరీలకు, రైల్వేలకు వర్తించింది. తోటలకు వెంటనే వర్తించలేదు.

ఈ వరుసలో చివర మరొక బిళ్ళ పెట్టవచ్చు. ఫిలిప్పీన్సులోని కూలియన్ దీవిలో కుష్ఠురోగుల కాలనీకి 1913 నుంచి ప్రత్యేక నాణేలు వేశారు. రోగి చేయి తాకిన డబ్బు బయటికి రాకూడదన్నది అక్కడి భయం. కారణం వేరు, పద్ధతి ఒకటే: మనిషికి గీత గీసినచోటనే వాడి డబ్బుకూ గీత గీశారు.

'చెల్లని కాసుకు గీతలు మెండు' అని మనవాళ్ళ సామెత. ఈ బిళ్ళలమీది గీతలు చదవడం మనకు చేతకాలేదు. నాణేలు పోగుచేయడం డబ్బున్నవారి సరదా అని మన అభ్యుదయ మిత్రులు పక్కకు తప్పుకున్నారు. ఫలితమేమిటంటే శ్రామికుల చరిత్రకు సంబంధించిన సామగ్రి వ్యాపారుల అంగళ్ళకు పోయింది, లేదా కంచరివాని మూసలో కరిగింది. మిగిలినవాటి పక్కన లోహం, బరువు, ఆకారం రాసివుంటాయి. అది ఎన్ని గంటల పనికి ఇచ్చారు అన్నది వుండదు.

బిళ్ళ ఒక్కటే అన్నీ చెబుతుందని నా వాదన కాదు. 1921 మే నెలలో సిల్హెట్ జిల్లా చార్గోలా లోయ తోటలనుంచి వేలాది కూలీలు చాలని కూలిని కాదని కాలినడకన బయలుదేరారు. మే 20 రాత్రి చాంద్‌పూర్ రైల్వే స్టేషనులో గూర్ఖా సైనికులు వారిమీద పడి కొట్టారు. ఈ సంగతి ఏ బిళ్ళమీదా లేదు. బిళ్ళను జీతాల పుస్తకంతో, చట్టంతో, సమ్మె చరిత్రతో కలిపి చదవాలి.

ఆ తోటలకు పోయినవారిలో తెలుగువారున్నారు. అప్పటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్నం జిల్లాలనుంచి పోయినవారి సంతతి ఈనాటికీ అస్సాంలో వుంది. ఉత్తరాంధ్ర కళాశాలల్లో పనిచేస్తున్న ఉపాధ్యాయ మిత్రులు తమ విద్యార్థులను ఒక్కమాట అడగవచ్చు: మీ ఇంటి పెద్దల్లో తోటలకు పోయి తిరిగివచ్చినవారెవరైనా వున్నారా? వారి పాత పెట్టెలో ఎక్కడా చెల్లని ఇత్తడి బిళ్ళ ఏదైనా మిగిలిందా? దొరికితే దాన్ని అమ్మించవద్దు. ఎవరు తెచ్చారో, ఏ తోటదో, ఏ పనికి ఇచ్చారో, ఇంటివారికి గుర్తున్నంతమేరకు పక్కన రాసిపెట్టండి.