అండం: పుట్టుకతోనే లెక్క ఖాయం.. సంతానానికి వయసే కీలకం

2019 సెప్టెంబర్ 5న గుంటూరులో డెబ్బై ఏళ్లు దాటిన ఓ మహిళ ఐవీఎఫ్ పద్ధతిలో కవల ఆడపిల్లలకు జన్మనిచ్చారు. నరసరావుపేట, మాచర్ల, గురజాల అప్పటికి గుంటూరు జిల్లాలోనే ఉండేవి. ఆ వార్త చూసి ‘ఏ వయసులోనైనా పిల్లలు పుడతారులే’ అనుకున్నవాళ్లూ ఉన్నారు. కానీ ఆ కాన్పుకు వాడింది దాత ఇచ్చిన అండం.

అండం అంటే?
స్త్రీ శరీరంలో అన్నిటికన్నా పెద్ద కణం ఇదే. వ్యాసం సుమారు 0.1 మిల్లీమీటరు. ఆడబిడ్డ పుట్టేటప్పటికే అండాశయాల్లో 10 నుంచి 20 లక్షల దాకా అండాలు ఉంటాయి. ఆ తర్వాత కొత్తవి తయారు కావు. పెద్దమనిషి అయ్యేసరికి 3, 4 లక్షలు మిగులుతాయి. జీవితం మొత్తంలో విడుదలయ్యేవి 400 నుంచి 500 మాత్రమే.

గర్భం ఎలా వస్తుంది?
నెలసరి 28 రోజులకు వచ్చేవారిలో 14వ రోజు అటూఇటూగా అండం విడుదలవుతుంది. అది బతికేది 12 నుంచి 24 గంటలే. వీర్యకణాలు మాత్రం 5 రోజుల దాకా ఉండగలవు. రెండూ ఫెలోపియన్ నాళంలో కలిస్తే పిండం ఏర్పడి, సుమారు వారానికి గర్భసంచి గోడకు అంటుకుంటుంది.

ఆడా, మగా?
అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. ఎక్స్ లేదా వై వచ్చేది తండ్రి నుంచి. ఆడపిల్లలే పుడుతున్నారని కోడలిని నిందించడంలో అర్థం లేదు.

వయసు సంగతి
35 దాటాక అండాల సంఖ్య, నాణ్యత వేగంగా తగ్గుతాయి. ఏఎంహెచ్ రక్తపరీక్షతో నిల్వ ఎంతుందో అంచనా తెలుస్తుంది గానీ నాణ్యత తెలియదు. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, భార్యకు 35 దాటితే ఆరు నెలలకే డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. లోపం భర్తలోనూ ఉండొచ్చు కాబట్టి వీర్యపరీక్ష కూడా మొదట్లోనే చేయించాలి.

చట్టం, షరియత్
2021 చట్టం ప్రకారం ఐవీఎఫ్ లాంటి చికిత్సలకు స్త్రీకి 50, పురుషుడికి 55 ఏళ్లు పైపరిమితి. భార్యాభర్తల సొంత అండం, వీర్యంతో చేసే ఐవీఎఫ్‌ను చాలామంది ఉలమాలు అనుమతిస్తారు. దాత అండాన్ని సున్నీ ఉలమాల్లో అత్యధికులు ఒప్పుకోరు. అందుకే మన ఇళ్లలో ‘ఇంకొన్నాళ్లు చూద్దాం’ అంటూ ఏళ్లు గడిపేస్తే, తర్వాత మిగిలే దారులు తక్కువ.