మందు ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ సంచికకు చరిత్ర మీద ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగారు. బాద్‌షాల గురించి, కోటల గురించి ఎన్నోసార్లు రాశాను. ఈసారి మందు సీసా చరిత్ర రాస్తాను. దానికి కారణం మా ఇంట్లో జరిగిన ఒక సంగతి.

మా అక్క కూతురు నర్సింగ్ చదువుతోంది. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో నా దగ్గరే చదువుకుంది. మా అమ్మకు షుగర్ వ్యాధి, రోజూ ఇన్సులిన్ సూది వేయాలి. ఒక పెళ్ళిలో ఎవరో “ఆ మందు పంది నుంచి తీస్తారటగా!” అన్నారు. అమ్మ ఇంటికొచ్చి మనవరాలిని అడిగింది. పిల్ల నోట్సు తీసి చూసింది. మొక్కలు – డిజిటాలిస్, జంతువులు – ఇన్సులిన్, ఖనిజాలు – ఇనుము, సూక్ష్మజీవులు – పెన్సిలిన్ అని వరుసగా రాసి ఉంది. “అవును నానీ, జంతువుల నుంచే అని ఉంది” అంది. అంతే! అమ్మ ఎవరికీ చెప్పకుండా మూడు రోజులు సూది మానేసింది. నాలుగో రోజు కళ్ళు తిరిగి పడిపోతే ఆసుపత్రికి పరుగెత్తాము. అల్లా దయవల్ల కోలుకుంది.

“మామూ, నేను నోట్సులో ఉన్నదే కదా చెప్పాను” అని పిల్ల ఏడ్చింది. నిజమే. కాని ఆ నోట్సులో సంవత్సరాలు లేవు. సంవత్సరాలు లేని జాబితా చరిత్ర కాదు. ఆ రాత్రి నుంచి మేమిద్దరం ఆ జాబితాను మళ్ళీ చదవడం మొదలుపెట్టాం.

ముందు ఇన్సులిన్ సంగతే చూద్దాం. 1921లో కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల క్లోమం నుంచి తీసిన రసంతో పరిశోధన చేశారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ లియోనార్డ్ థాంప్సన్ అనే అబ్బాయికి మొదటి ఇంజక్షన్ ఇచ్చారు. ఆ రసం శుద్ధంగా లేక సరిగ్గా పనిచేయలేదు. కాలిప్ అనే శాస్త్రవేత్త దాన్ని శుద్ధిచేసి ఇచ్చాక, అదే నెలలో ఆ అబ్బాయికి ఇచ్చిన రెండో మందు గుణమిచ్చింది. ఆ తర్వాత దాదాపు అరవై ఏళ్ళు కబేళాల నుంచి వచ్చే ఎద్దుల, పందుల క్లోమాలే దానికి ఆధారం. 1978లో మనిషి ఇన్సులిన్‌ను బాక్టీరియా చేత తయారుచేయించే పద్ధతి కనిపెట్టారు. 1982లో అది అమెరికాలో అమ్మకానికి వచ్చింది. మా అమ్మ వాడే సీసా ఆ రకానిదే. నోట్సులోని మాట ఒకనాడు నిజం. అమ్మ సీసా విషయంలో నిజం కాదు.

అయితే పిల్లకు ఇంకో మాట కూడా చెప్పాను. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఈనాటికీ ఎక్కువగా పంది పేగుల నుంచే వస్తోంది. రోగి అడిగితే అబద్ధం చెప్పకూడదు. ఉన్నది చెప్పి, వేరే మందు కుదురుతుందేమో డాక్టరుగారిని అడగాలి. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మన ధర్మం ఇచ్చే వెసులుబాటు ఏమిటో ఆలిములు చెబుతారు. ఏమీ తెలియక సూది మానేయడం మాత్రం ధర్మం కాదు.

తర్వాత డిజిటాలిస్. ఇంగ్లండులో 1775లో విలియం విదరింగ్ అనే డాక్టరుకు ఒక ముసలమ్మ ఇంటి వైద్యం సంగతి తెలిసింది. ఒళ్ళు నీరుపట్టిన రోగులకు ఆమె ఇరవైకి పైగా ఆకులు కలిపి ఇచ్చేది. వాటిలో పనిచేసేది ఫాక్స్‌గ్లవ్ అనే మొక్క ఒక్కటేనని ఆయన పోల్చుకున్నాడు. పదేళ్ళు పరీక్షించి, 163 మంది రోగుల వివరాలతో 1785లో పుస్తకం వేశాడు. మోతాదు మించితే వాంతులు వస్తాయి, నాడి మందగిస్తుంది, ప్రాణం కూడా పోవచ్చునని అందులో హెచ్చరించాడు. ఈనాడు నర్సు డిగాక్సిన్ మాత్ర ఇచ్చే ముందు నిండు నిమిషం గుండె కొట్టుకోవడం లెక్కపెడుతుంది. పెద్దవాళ్ళకు 60 కంటే తగ్గితే మాత్ర ఆపి డాక్టరుకు చెబుతుంది. “ఇది పరీక్ష కోసం బట్టీ పట్టాను మామూ, ఎందుకో ఇప్పుడు తెలిసింది” అంది పిల్ల.

మన దేశపు మొక్క సర్పగంధి. హకీములు, వైద్యులు దీన్ని ఎంతోకాలంగా వాడారు. పిచ్చి ముదిరినవారికి ఇస్తారు కనుక ‘పాగల్ బూటీ’ అనేవారు. ఢిల్లీలో తిబ్బియా కళాశాల స్థాపించిన హకీం అజ్మల్ ఖాన్ సాహెబ్ ఇలాంటి మూలికలను కొత్త రసాయనశాస్త్రంతో పరీక్షించాలని, అక్కడ పరిశోధనకు సలీముజ్జమాన్ సిద్దీఖీని నియమించారు. హకీం సాబ్ 1927లో చనిపోయారు. 1931లో సిద్దీఖీ సర్పగంధి వేరు నుంచి ఒక పదార్థం తీసి, ఆయన పేరు మీద ‘అజ్మలిన్’ అని పిలిచారు. గుండె లయ తప్పినప్పుడు వాడే మందు అది. అదే వేరు నుంచి 1952లో స్విట్జర్లాండులో రక్తపోటు తగ్గించే రిసర్పిన్ తీశారు.

సూక్ష్మజీవుల విషయంలో పెన్సిలిన్ కథ అందరికీ తెలుసు: 1928, ఫ్లెమింగ్, బూజు పట్టిన పళ్ళెం. మన తెలుగువాడి పేరే తక్కువమందికి తెలుసు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ కంపెనీ పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన కింద పనిచేసిన డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశాడు. అది 1948లో లోకానికి తెలిసింది. బోదకాలు వ్యాధికి వాడే హెట్రజాన్ కూడా ఆ ప్రయోగశాలదే.

ఉర్దూ మీడియం పిల్లలు మందుల ఇంగ్లీషు పేర్లు చూసి బెదిరిపోతారు. వాళ్ళకు నేను చెప్పేదొకటే. ‘సిరప్’ అరబీ ‘షరాబ్’ నుంచి వచ్చింది, తాగేది అని అర్థం. ‘ఆల్కహాల్’ అంటే ‘అల్ కుహల్’, మనం కంటికి పెట్టుకునే సుర్మా మాట. ఇబ్నె సీనా (980–1037) రాసిన ‘అల్ ఖానూన్’లో అయిదు భాగాలుంటే, రెండోది ఒంటి మందులకు, అయిదోది కలిపిన మందులకు కేటాయించారు. ఐరోపా విశ్వవిద్యాలయాల్లో దాన్ని వందల ఏళ్ళు చదివారు. ఇది గొప్పలు చెప్పుకోవడానికి కాదు. ఈ చదువు మనకు పరాయిది కాదని పిల్లలకు ధైర్యం ఇవ్వడానికి.

మన సంఘం సభ్యుల ఇళ్ళలో నర్సింగ్ చదివే ఆడపిల్లలు పెరుగుతున్నారు. సెలవుల్లో వారానికొక గంట వాళ్ళను కూర్చోబెట్టి, ఒక్కొక్క మందు ఎప్పుడు, ఎవరి చేతిలో, దేని నుంచి వచ్చిందో, ఇప్పుడు దేని నుంచి వస్తోందో చెప్పించాలని నా మనవి. పాఠం చెప్పడానికి నేను సిద్ధం. డాక్టరు మిత్రులు తప్పులు దిద్దాలి.

మా అమ్మ ఇప్పుడు సూది వేయించుకునే ముందు మనవరాలిని ఆటపట్టిస్తుంది: “బేటీ, ఈ సీసా ఏ సంవత్సరంది?” పిల్ల తడుముకోకుండా “1982 నానీ” అంటుంది. సీసా మీది గడువు తేదీ కూడా చూసి మరీ సూది వేస్తుంది.