ఎవరి తూముతో?

"మడి గుత్తకిస్తాండా, కోతకు రెండు పుట్ల వడ్లు కొలవాల. అట్లనే రాయి" అని రైతు చెప్పగానే మా నాయన కలం ఆపేవాడు. "ఎవరి తూముతో?" అని అడిగేవాడు. రెండు పక్షాలవాళ్లూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. పేచీ ఉంటే అక్కడే తేలిపోయేది. కలికిరిలో పత్రాలు రాయడం మా ఇంట్లో జేజినాయన కాలం నుంచీ ఉన్న పని. అటక మీది ట్రంకుపెట్టెలో చిత్తు కాగితాలు ఇంకా ఉన్నాయి. వాటిలో నాకు నచ్చే వాక్యం ఒకటుంది: "తమ ఇంటి తూముతో గాక ఊరి తూముతో, తలకొట్టి, కళ్లంలోనే." తూము ఎవరిదో, నిండా పోయాలో అంచుకు సరిగా కొట్టాలో, ఎక్కడ కొలవాలో అంతా ఒక్క ముక్కలో వచ్చేసింది. ధర ఎవరైనా రాస్తారు. లేఖరి పనితనం కొలత షరతులో కనబడుతుంది.

పుట్టికి 20 తూములనేది అందరికీ ఒకటే లెక్క. తూములో ఎన్ని గింజలు పడతాయన్నది మాత్రం ఊరికొక మాట. ఇచ్చేటప్పుడు ఒక తూము, పుచ్చుకునేటప్పుడు ఇంకొకటి పెట్టుకున్న షావుకార్ల కథలు మా పక్క ఏ ముసలాయన్ని కదిలించినా చెబుతాడు. తూము అదే అయినా అంచుకు కర్ర లాగి కొట్టడానికీ, పైన గోపురం పోయడానికీ ఎంత తేడా వస్తుందో గింజలు కొలిచినవాళ్లకు తెలుసు. బరువుల్లోనూ ఇదే గోల. మద్రాసు మణుగు 25 పౌండ్లు, అంటే ఎనిమిది వీశలు. రైల్వేవాళ్లు పట్టింది బెంగాలు మణుగు, అది 82 పౌండ్ల పైచిలుకు. పాకాల నుంచి ధర్మవరం పోయే రైలుదారి 1890ల మొదట్లో పడినాక ఈ రెండు మణుగులూ కలికిరి స్టేషన్‌లో ఎదురుపడ్డాయి. బెల్లం ఒప్పందంలో ఊరికే "వంద మణుగులు" అని రాస్తే సంతలో ఒక అర్థం, గూడ్సుషెడ్డులో మూడింతల అర్థం.

ఈ జాగ్రత్త మా నాయనతో మొదలైంది కాదు. తంజావూరు పెద్దగుడి గోడల మీద రాజరాజచోళుడి శాసనాలున్నాయి, పదకొండో శతాబ్దం మొదటి దశకాలవి. గుడి సొమ్ము అప్పు తీసుకున్న ఊళ్లు వడ్డీ కింద వడ్లు కొలవాలి. ఆ వడ్లను ఆడవల్లాన్ అనే మరక్కాలుతోనే, అంటే ఆ పేరున్న కొలపాత్రతోనే కొలవాలని రాతిలో చెక్కారు. ఆ మరక్కాలు రాజకేసరి అనే కొలతకు సమానమని కూడా రాశారు. బంగారాన్ని ఆడవల్లాన్ పేరున్న తూకపురాయితో, నగల్లోని రత్నాలను దక్షిణమేరు విటంకన్ పేరున్న ఇంకో రాయితో తూచారు. దేనికి ఏ రాయో తేల్చి మరీ నగలను జాబితాలో ఎక్కించారు. మనకు దగ్గర్లో తిరుమల శాసనాల్లోనూ ఇదే పద్ధతి. నైవేద్యపు బియ్యాన్ని స్వామి పేరు పెట్టిన కొలపాత్రతో కొలవమంటారు. పాత్రకు దేవుడి పేరు ఎందుకు పెట్టారంటే, నా ఊహ, దాని అడుగు లోపలికి నొక్కడానికి ఎవడికైనా చెయ్యి వణకాలని. కారణం ఏదైనా, షరతు రాసినవాడు ఇప్పటి కంపెనీ వకీళ్ల కంటే మెరుగైన లేఖరి.

భూమి దగ్గరికి వస్తే కథ మన్రోతో మొదలుపెట్టాలి. నిజాం 1800లో ఈస్టిండియా కంపెనీకి వదిలేసిన దత్తమండలాలకు థామస్ మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చాడు. 1807 దాకా ఉన్నాడు. అప్పటికి మా వాయల్పాడు, మదనపల్లె వైపు అంతా కడప కిందే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు గానీ అందులోకి రాలేదు. మన్రో సర్వే మొదలుపెట్టినప్పుడు కొలత తెలిసిన గుమాస్తాలు ఆయనకు దొరికింది నలుగురే. వాళ్ల చేత మిగతావాళ్లకు నేర్పించి, అందరి చేతుల్లో ఒకే 33 అడుగుల గొలుసు పెట్టాడు. ఆ గొలుసు పొడవూ వెడల్పూ ఒక గుంట, 40 గుంటలు ఒక ఎకరం. ఇప్పటికీ మా దగ్గర ఇంటిస్థలం బేరం గుంటల్లోనే నడుస్తుంది. తడిస్తే బిగుసుకునే, ఎండకు సాగే తాడు పోయి ఇనుము వచ్చింది.

కానీ శిస్తు కట్టాలంటే విస్తీర్ణం ఒక్కటే చాలదు, నేల తరం కావాలి. తరం చెప్పే గొలుసు ఎవరి దగ్గరా లేదు. మట్టిని చేత్తో నలిపి, పాత లెక్కలు చూసి, కరణాన్నీ పెద్దరైతునూ అడిగి తరం వేశారు. కొలత సర్కారుది, తరం మనిషి కంటిది. పేచీలన్నీ ఆ కంటి దగ్గరే పుట్టాయి. మన్రో తానే 1807లో శిస్తును నూటికి 25 వంతులు తగ్గించాలనీ, బావుల కింది భూములకు ఇంకో ఎనిమిది తగ్గించాలనీ రాశాడు. పైవాళ్లు అప్పట్లో ఒప్పుకోలేదు. ఆయన గవర్నరుగా తిరిగొచ్చినాకే అది అమలైంది. మన్రోలప్ప అని పిల్లలకు పేరు పెట్టుకున్న సీమ ఇది. ఆ పేరు గొలుసుకు పెట్టారా, తగ్గింపుకు పెట్టారా అంటే నేను తగ్గింపు పక్షం.

పుంగనూరు జమీందారీది వేరే లెక్క. జమీందారీల్లో పంట నిలబడి ఉండగానే మనుషులు వచ్చి గట్టు మీంచి చూసి ఇంత పండుతుందని అంచనా కట్టేవాళ్లు. ఆ పూట రైతు ఇంట్లో కోడి తెగేదని వేరే చెప్పాలా? 1908 నాటి మద్రాసు ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం, అంచనాలో గానీ పాలుపంపకంలో గానీ పేచీ పడితే ఎవరైనా సర్కారుకు అర్జీ పెట్టుకుని అధికారిని పిలిపించుకోవచ్చు అంది. మూడో మనిషిని చట్టం లోపలికి తెచ్చిన మాట అది. 1948 చట్టంతో జమీందారీలే పోయాయి.

వీటన్నిటిలోకీ నాకు ముచ్చటైన కొలత చెరువుల్లో కనబడుతుంది. పూడిక తీసేటప్పుడు ఒడ్డెరవాళ్లు చుట్టూ తవ్వేసి, మధ్యలో అక్కడక్కడ ఒక్కో మట్టిదిమ్మెను ముట్టుకోకుండా వదిలేస్తారు. దిమ్మె తల మీద పాత గడ్డి అట్లనే ఉండాలి. ఆ గడ్డే సాక్ష్యం, ఇక్కడిదాకా నేల ఉండేదని. మేస్త్రీ వచ్చి దిమ్మె ఎత్తు కొలుస్తాడు, గుంత పొడవూ వెడల్పూ కట్టి, తవ్విన మట్టి లెక్క ఎం-బుక్కు అనే కొలతల పుస్తకంలో రాస్తాడు. లెక్క తేలి డబ్బు చేతిలో పడ్డాకే దిమ్మెను పడగొట్టేది. కొలిచే సాధనం కూలివాడి చేతిలోనే తయారై, అందరి కళ్ల ముందూ నిలబడి ఉంటుంది. రాత్రికి రాత్రి దిమ్మె నెత్తిన గంపెడు మట్టి వేసి, గడ్డి అంటించి ఎత్తు పెంచే తెలివీ ఉంది. అందుకే అనుభవమున్న మేస్త్రీ ముందు గడ్డి వేరు పట్టుకుని లాగి చూస్తాడు.

సరుకు బేరాల్లో ఇంత బాహాటం లేదు. అంగళ్లు ఊరి సంతలో ఎద్దు బేరం తుండుగుడ్డ కింద వేళ్లతో నడిచేది. దేశంలో చాలాచోట్ల ధాన్యం బేరమూ అంతేనని, తూకాల్లో మోసాలూ అడ్డగోలు కోతలూ ఉన్నాయని వ్యవసాయం మీద వేసిన రాయల్ కమిషన్ 1928లో రాసింది. మద్రాసు ప్రభుత్వం 1933లో వాణిజ్య పంటల మార్కెట్ల చట్టం చేసింది. ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం 1966ది. చట్టాలు కాటాకు సీలు వేశాయి. మా మెట్టపొలాల ప్రాణమైన శెనక్కాయల్లో అసలు ధర తేలేది కాటా మీద కాదు. వ్యాపారి మూట నడుమ చెయ్యి పెట్టి పిడికెడు తీసి, వలిచి, పప్పు ఎంత పడుతుందో చూసి రేటు చెబుతాడు. ఆ పిడికెడు మూట పైనుంచి తీశాడా, అడుగునుంచి తీశాడా అన్నదే సంవత్సరపు కష్టానికి వెల.

దశాంశ పద్ధతి వచ్చి, 1962 ఏప్రిల్ 1 నుంచి పాత కొలతలు చెల్లవన్నాక నాయన కిలోలు రాయడం మొదలుపెట్టాడు. "ఇంక అడగాల్సిన పని లేదురా, కిలో ఎవరి చేతిలోనైనా కిలోనే" అని సంతోషపడ్డాడట. బరువు వరకూ ఆ మాట నిజమే. ఇప్పటి చట్టం కింద ఎలక్ట్రానిక్ కాటాకు ఏడాదికొకసారి తనిఖీ చేయించి ముద్ర వేయించాలి. కానీ సరుకుకు బరువుతో పాటు గుణం కూడా ఉంది కదా. గుణం కొలిచే సాధనం కొనేవాడి గదిలోకి వెళ్లిపోయింది.

పాలు చూడండి. వెన్నశాతం పట్టే పద్ధతిని స్విట్జర్లాండ్‌కు చెందిన గెర్బర్ 1890ల్లో తెచ్చాడు. ఇప్పుడు ఊరూరా మిషన్లు వచ్చినా, పేచీ పడితే చివరికి పోయేది ఆ గాజుగొట్టం దగ్గరికే. గొట్టంలో 10 మిల్లీలీటర్ల గంధకామ్లం, దాని మీద 10.75 మిల్లీలీటర్ల పాలు, ఒక మిల్లీలీటరు అమైల్ ఆల్కహాల్ పోసి, బిరడా బిగించి తలకిందులు చేస్తారు. గొట్టం చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, పాలు కాఫీరంగుకు తిరుగుతాయి. గిర్రున తిప్పే యంత్రంలో పెట్టి తీస్తే సన్నటి మెడలో పసుపుపచ్చని వెన్న నిలుస్తుంది. దాన్ని 65 డిగ్రీల వేడినీళ్లలో ఉంచి తీసి, వెంటనే చదవాలి. మాటల్లో పడి గొట్టం చల్లారనిస్తే వెన్న కుంచించుకుపోయి గీత కిందికి దిగుతుంది. క్యాను కలబెట్టకుండా గరిట ముంచితే మరో తేడా. మీగడ పైనే ఉంటుంది కాబట్టి ఎక్కడ ముంచారో అంత వెన్న. మా పక్క ఇంటింటా జెర్సీ ఆవో హెచ్‌ఎఫ్ ఆవో ఉంది. చట్టం ప్రకారం ఆవుపాలల్లో వెన్న 3.2, మిగతా ఘనపదార్థం 8.3 శాతం ఉండాలి. ఒక పాయింటు అటో ఇటో పడితే నెల బిల్లు కదులుతుంది.

ఒక డెయిరీ ఏజెంటు నా దగ్గరికి అచ్చువేసిన ఒప్పందం తెచ్చి, సాక్షుల సంతకాలు చేయించమన్నాడు. "సంస్థ పరీక్షా ఫలితమే అంతిమం" అని ఉంది. ఏ సాధనంతో, ఎవరి ముందర, రెండో పరీక్ష ఎక్కడ అన్న మాట ఒక్కటి లేదు. "మూత వేసిన నమూనా సీసా ఒకటి పాలవాళ్ల దగ్గర ఉంచాలని ఒక ముక్క కలుపుదామా అన్నా?" అని అడిగితే, "పైనుంచి వచ్చిన కాయితం సామీ, మనం గీకకూడదు" అన్నాడు. తంజావూరు గోడ కూడా పైనుంచి వచ్చిన కాయితమే. అందులో మాత్రం మరక్కాలు పేరు ఉంది.

టమోటాకు ఒప్పందమే లేదు. మదనపల్లె మార్కెట్లో, ఇక్కడ కలికిరిలో, గుర్రంకొండలో వేలం క్రేట్లలో పాడతారు. 2023 జులైలో కిలో 200 రూపాయల దరిదాపులకు పోయినప్పుడూ పాట క్రేటుదే. క్రేటు అంచు దాకా నింపాలా, మీద గోపురం రావాలా అనే తగువు విన్నప్పుడల్లా నాకు అటక మీది "తలకొట్టి" గుర్తొస్తుంది. దాని మీద జాక్‌పాట్ అని ఒక ఆచారం: ఇన్ని క్రేట్లకు ఇన్ని ఊరికే ఇవ్వాలి. ఏ పత్రంలోనూ లేదు, ఏ చట్టమూ ఒప్పుకోదు, అందరికీ తెలుసు.

కుప్పం వైపు గెర్కిన్ దోసకాయలకు మాత్రం ఒప్పందాలున్నాయి. గ్రేడు అంటే కిలోకు ఎన్ని కాయలు తూగుతాయన్నదే. ఎంత చిన్న కాయ అయితే అంత ధర, ఒక్క రోజు కోయడం ఆలస్యమైతే గ్రేడు దిగిపోతుంది. 2020లో కేంద్రం తెచ్చిన మూడు సాగు చట్టాల్లో ఒకటి ఇలాంటి ఒప్పందాల గురించే. గుణం, గ్రేడు తేల్చడానికి ఇరుపక్షాలకూ సంబంధంలేని అర్హత గల పరీక్షకుణ్ని పెట్టుకోవచ్చని అందులో ఉంది. తప్పనిసరి కాదు, పెట్టుకోవచ్చు అంతే. ఆ చట్టాల మీద దేశంలో ఏం జరిగిందో తెలిసిందే, 2021లో మూడూ పోయాయి. మిగతా విషయాల్లో ఎవరి పక్షం వాళ్లది. ఆ ఒక్క క్లాజును "పెట్టుకోవాలి" అని రాసుంటే లేఖరిగా నేను మెచ్చుకునేవాణ్ని.

అది లేకపోయినా 1930 సరుకుల విక్రయ చట్టం పదో సెక్షను ఉంది. వెల మూడో మనిషి కడతాడని రాసుకోవచ్చు, అతను కట్టలేకపోతే ఒప్పందం రద్దు. పుంగనూరు దగ్గర ఒక తోపు చింతచెట్ల ఫలసాయం గుత్తకు ఆ సెక్షను పట్టుకునే పత్రం రాశాను. చెట్టు మీద కాయను చూసి అంచనా కట్టేది పక్కూరి పెద్దమనిషి. పండు రాలగొట్టాక తూచేది ముద్ర ఉన్న కాటాతో, తోపులోనే. తేడా పదో వంతు దాటితే గుత్త సొమ్ము ఆ మేరకు సర్దుకోవాలి. ఆ ఏడు వానకు కాయ రాలి అంచనా తప్పింది. సర్దుకున్నారు. మరుసటి ఏడు ఇద్దరూ కలిసే వచ్చి, తేదీలు మార్చి అదే రాయమన్నారు. పెద్దమనిషికి దారిఖర్చు ఎవరు పెట్టుకోవాలో మాత్రం కొత్తగా ఒక షరతు చేర్చమన్నారు.