హెచ్చరిక నోరు మూయరాదు



మాదాపూరు గుట్టలను, రాతిగుండ్లను ఎరిగిన పెద్దలు మీలో పెక్కుమంది యుందురు. ఆ నేలపై నిర్మింపబడిన సైబర్ టవర్స్ అను సౌధమును 1998 నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయిగారు ప్రారంభించిరి. హైటెక్ సిటీ యనబడు ఆ ప్రాంతమున మన పల్లెల బిడ్డలు వేలకొలది కంప్యూటరులకు ఆజ్ఞలు వ్రాయుచున్నారు. వారి వృత్తిలోని యొక హెచ్చరిక చరిత్రను విన్నవించెదను.

సీ యను భాషను అమెరికాలోని బెల్ లాబ్స్ యందు డెన్నిస్ రిచీ 1972 ప్రాంతమున రూపొందించెను. అందు ఫంక్షను అనగా ఒక నియమితమైన పనిని చేయు ఆజ్ఞల సముదాయము. ఫంక్షను పాయింటరు దాని చిరునామా చీటి. ఏ సరుకు తేవలెనో, ప్రతిగా ఏమి లభించునో కూడ ఆ చీటిపై నుండును. ఆ వ్రాతను మార్చి వేరొకటి వ్రాయుటయే కాస్టు. కంసాలి యింటి చీటిపై కుమ్మరి యని వ్రాసినంతమాత్రమున కంసాలి కుమ్మరి యగునా? మట్టితట్టతో పోయి కుంపటి యెదుట నిలువవలసివచ్చును.

ప్రోగ్రామును యంత్రభాషలోనికి మార్చునది కంపైలరు. తొలినాళ్ల కంపైలరులు ఇట్టి పొరపాట్లను అంతగా పట్టించుకొనకుండుటచే, 1978 ప్రాంతమున బెల్ లాబ్స్ యందే స్టీఫెన్ జాన్సన్ లింట్ అను తనిఖీ ప్రోగ్రామును రచించెను. 1989 నాటి అమెరికా ప్రమాణము చీటిని మార్చుటకు అనుమతించెను. కాని సరిపడని చీటితో ఫంక్షనును పిలిచినచో ఫలితమునకు పూచీ లేదనెను. పిమ్మట కంపైలరు హెచ్చరించిన చోటులందు, పలువురు కాస్టు వ్రాసి దాని నోరు మూయసాగిరి. 2018 మే నెలలో వెలువడిన జీసీసీ 8వ కూర్పు, కోరినవారికి, ఆ కాస్టును గూర్చియే హెచ్చరింప నారంభించెను.

దీనివలన ఏమి ప్రయోజనమందురా? దొంగలు చిరునామాలను మార్చి ప్రోగ్రామును దారి మళ్లింపకుండుటకై, ఫోను నడచుచుండగనే చీటిని వాకిట సరిచూచు పద్ధతి 2018లో గూగుల్ వారి పిక్సెల్ 3 ఫోనులో ప్రవేశించెను. అట్టి వాకిట తప్పుచీటి గలవాడు, దొంగయైనను ఇంటివాడైనను, నిలిచిపోవును. కావున లినక్సు నిర్మాతలు పాత కాస్టులను వెదకి, ఫంక్షనులనే సరియైన రూపమున తిరిగి వ్రాసిరి. అది శ్రమతో గూడిన పని. అయినను వేరు మార్గము లేదు.

గడువు దగ్గరపడినపుడు ఒక కాస్టు వ్రాసి ఇల్లు చేరుట సులభము. కాని కాపలాకుక్క నోరు కట్టినంతనే వాకిట నిలిచినవాడు చుట్టము కాడు. మీ బిడ్డలు పండుగకు వచ్చినపుడు ఈ మాట చెప్పుడు.